జీడిపప్పు పేరుతో

మా అమ్మాయికి వేరుశనగ పడదని తెలిసింది తను నడక నేర్చిన కొత్తలో. మిగతా పప్పులన్నీ తినొచ్చు. జీడిపప్పు, బాదం, పిస్తా ఒక్కొక్కటీ ఆస్పత్రిలో డాక్టర్లే తినిపించి, చాలాసేపు కూర్చోబెట్టి చూసి, ఫరవాలేదన్నారు. వేరుశనగ మాత్రం ప్రాణం మీదికి తెస్తుందన్నారు. అందుకే మా ఇంట్లో పల్లీ చట్నీ లేదు, వేరుశనగ నూనె లేదు. గుంటూరు నుంచి మా అమ్మ పంపే పొడులు కూడా ఏం వేసిందో రెండుసార్లు అడిగి గానీ మూత తియ్యను. నేను ఇక్కడ ఐర్లండులో, లీక్స్‌లిప్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే చోట పనిచేస్తాను. కళ్లు తప్ప ఒళ్లంతా కప్పుకుని వెళ్లే గదులు అవి. కంటికి కనపడని దుమ్ము కూడా అక్కడ నేరమే. ఇంటికొచ్చినా నా బుద్ధి అదే. మావారు ఈ విషయంలో నన్నెప్పుడూ వేళాకోళం చెయ్యలేదు. ఆయన జేబులో ఫోను లేకపోవచ్చు గానీ అలర్జీ ముదిరితే తొడలో గుచ్చే అడ్రినలిన్ పెన్నులు రెండూ ఉంటాయి.

ఆ ఏడు దీపావళి వేడుక తెలుగువాళ్లంతా కలిసి మేముండే నేస్ ఊళ్లోనే, మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూలు హాల్లో పెట్టుకున్నారు. బయట సన్నగా వాన. ఆడవాళ్లందరం పట్టుచీరల మీద వానకోట్లు వేసుకుని వచ్చాం. హాల్లో గోడ వారగా మిఠాయిల బల్ల, దాని వెనక స్వీట్స్ అంకుల్.

ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. గోదావరి జిల్లా మనిషి. క్లాండాల్కిన్‌లో ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఆయనా ఆంటీ కలిసి మిఠాయిలు చేసి చుట్టుపక్కల ఇండియన్ షాపులన్నిటికీ వేస్తారు. మేం ఇల్లు కొనుక్కున్నప్పుడు అడక్కుండానే బూందీ లడ్డూలు పట్టుకుని గృహప్రవేశానికి వచ్చిన మనిషి. ఆ రోజు మా తరఫు పెద్దవాళ్లెవరూ లేరని తనే కొబ్బరికాయ కొట్టాడు. ఈ దేశంలో ఒకరి చేతి తిండి చూసి నా గుండె జంకకుండా ఉండటం ఆయన దగ్గరే.

అయినా అడిగాను. ఎప్పుడూ అడుగుతాను.

"అంకుల్, పాపకి పల్లీ పడదని మీకు తెలుసుగా. కాజు కత్లీ పెట్టొచ్చా?"

"నిక్షేపంగా పెట్టమ్మా. జీడిపప్పు, పంచదార, నెయ్యి, యాలక్కాయ. అంతకు మించి ఏవుంటుంది అందులో?"

"ఎక్కడైనా తగిలే అవకాశం కూడా లేదా?"

"వేరుశనగ గింజ మా షెడ్డు గుమ్మం తొక్కదు తల్లీ. నా మనవరాలికి పెట్టినట్టు పెడుతున్నా."

అని తనే ఒక ముక్క తీసి మా అమ్మాయి అరచేతిలో పెట్టాడు. నేను ఇంటికని ఒక డబ్బా కూడా కొన్నాను.

స్టేజీ మీద చిన్నపిల్లలు డాన్సు చేస్తున్నారు. తరవాతి పాట మా అమ్మాయిది. నా పక్కన కూర్చుని సగం ముక్క తిన్నది, మిగతా సగం నా చేతికిచ్చి నాలుక బయటపెట్టి పళ్లతో గీకింది.

"అమ్మా, మై టంగ్ ఈజ్ ఆల్ ప్రిక్లీ."

అలా అంటూనే మెడ గీరుకుంది. గీరినచోట ఎర్రగా దద్దుర్లు లేచాయి. నేను మావారి కోసం చూశాను. ఆయన హాలు అవతలి చివర మైకు తీగలు సరిచేస్తున్నాడు. పేరు పెట్టి పిలిచాను. ఆ పిలుపులో ఏం విన్నాడో గానీ తీగ చేతిలోంచి వదిలేసి కుర్చీల మధ్య నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఐమ్ గ్రాండ్, అమ్మా. ఐమ్ గ్రాండ్," అంటోంది పాప. బాగానే ఉన్నానని చెప్పడానికి ఇక్కడి పిల్లలందరూ దేనికైనా అనే మాటే అది. కానీ గొంతు మారిపోయింది. లోపల ఎవరో పిసికి పట్టుకున్నట్టు సన్నగా వస్తోంది.

పట్టులంగా మీదనుంచే తొడలోకి పెన్ను గుచ్చాడాయన. నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను. స్టేజీ మీద పాట ఆగలేదు, ఎవరికీ ఇంకా తెలియదు. ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. కర్నూలు వైపు పిల్ల, ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేల మీద కూర్చుంది. పాపని తన ఒళ్లోకి జారవేసుకుని, ఊపిరి అందేలా వీపు నిటారుగా పట్టుకుంది.

"ఏం తినింది అక్కా?"

"కాజు కత్లీ. పల్లీ లేదన్నారు."

ఆ అమ్మాయి నా చేతిలోని సగం ముక్క తీసుకుని వాసన చూసింది. పాప పెదాలు ఉబ్బి, చుట్టూ నీలంగా అవుతున్నాయి. కాసేపు చూసి, "రెండోది కూడా ఇచ్చేయండి," అంది మావారితో. తర్వాత తల తిప్పి, అక్కడ మూగినవాళ్లతో మెల్లగానే చెప్పింది. "ఆ బల్ల మీద స్వీట్లు ఎవరూ ముట్టుకోకండి. అమ్మడం ఆపమని చెప్పండి."

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ వెంట నేను నడుస్తున్నాను. మిఠాయిల బల్ల దాటుతుంటే చూశాను, అంకుల్ ఎవరికో డబ్బా కవర్లో పెట్టి ఇస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు. నేను దాటగానే ఆ కవరు అవతలి చేతిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం మమ్మల్ని ఇంటికి పంపించారు. పాప నిద్రపోతోంది. మావారు ఆ డబ్బాని ఇంట్లోకి రానివ్వలేదు, కారులోనే ఉంచాడు. వెనక పెరట్లోకి తీసుకెళ్లి, వానలో నిలబడి మూత తీశాడు.

"నాకేం కాదు గదా. నేను తిని చూస్తా," అన్నాడు. వరంగల్లు మనిషి, పల్లీ చట్నీ మీద పెరిగినవాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఎట్లుంది?" అన్నాను. ఆయన మాట అప్పుడప్పుడు నాకూ వస్తుంది.

"ఇండ్ల కాజు ఎంతుందో గానీ, పల్లీ అయితే మస్తుంది. తెల్వకుండ యాలకలు దండిగ ఏసిండ్రు."

అప్పటిదాకా ఏ గరిటో, ఏ పళ్లెమో తగిలి ఉంటుందని అనుకుంటున్నాను. పొరపాటైతే పొరపాటే అనుకుందామని కూడా లోపల సిద్ధపడుతున్నాను. ఆ మాటతో అది పొరపాటు కాదని తేలిపోయింది. ఆ డబ్బాలు హాల్లో ఎంతమంది పట్టుకెళ్లారు? షాపుల్లో ఎన్ని ఉన్నాయి? పండగ ఆ రోజే. దేవుడి దగ్గర పెట్టిన ప్రతి డబ్బా సాయంత్రానికి తెరుస్తారు.

ఆహార భద్రత వాళ్ల సైటులో ఫిర్యాదు పెట్టాను. ఆదివారం. ఆ ఆఫీసులో మనిషి గొంతు వినపడేది సోమవారం పొద్దున్నే. అంకుల్‌కి ఫోన్ చేస్తే, "పాప ఎలా ఉందమ్మా, నాకు నిద్ర లేదు," అన్నాడు. కత్లీ సంగతి ఎత్తగానే గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఇలాంటివి గట్టిగా అనకమ్మా. పండగ పూట." లైను కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

పాప దగ్గర మావారిని ఉంచి కారు తీశాను.

క్లాండాల్కిన్ ఎస్టేట్‌లో ఆదివారం షెడ్లన్నీ మూసి ఉన్నాయి, అంకుల్‌ది ఒక్కటే తెరిచి ఉంది. లోపల వెచ్చగా, నెయ్యి వాసన. ఆంటీ పొయ్యి దగ్గర బాణలి కడుగుతోంది. నన్ను చూడగానే తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, "పిల్ల ఎలా ఉందమ్మా?" అంది. అడిగే పద్ధతిలోనే తెలిసింది, ఆవిడకి అసలు విషయం ఎవరూ చెప్పలేదని.

"ఇంటికొచ్చింది ఆంటీ. పల్లీ తిన్నది. మీ కత్లీలో."

"మా దాంట్లోనా? అదెలాగ?"

అంకుల్ లోపలి గదిలోంచి వచ్చాడు. నవ్వబోయి మానేశాడు. నేనేమీ అడక్కముందే నన్ను వెంటబెట్టుకుని షెడ్డంతా తిప్పాడు. కడిగి బోర్లించిన పళ్లేలు, జీడిపప్పు పెట్టెలు, నెయ్యి డబ్బాలు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. "చూడమ్మా, నీ కళ్లతో నువ్వే చూడు. ఎక్కడైనా వేరుశనగ ఉందా?" ఒక్క నిమిషం నాకే అనుమానం వచ్చింది, మావారి నోరు పొరబడిందేమోనని. అప్పుడు చూశాను, జీడిపప్పు పెట్టెల మీద అంటించిన టేపు ఊడలేదు.

"కత్లీకి వాడేది ఏది అంకుల్?"

ఆంటీ చెప్పింది. "పొడి వేరేగా వస్తుందమ్మా. ఈ మధ్య పొడే తెప్పిస్తున్నారు."

మూల బియ్యం బస్తాల వెనక తెల్ల సంచులు. మీద జీడిపప్పు పొడి అని అచ్చు వేసి ఉంది. ఇంగ్లండులో ఒక హోల్‌సేల్ మార్కెట్ నుంచి వస్తాయట.

"సంచి మీద ఏం రాసుందో నువ్వే చదువమ్మా," అన్నాడు అంకుల్. "అమ్మినవాడు అలా అని అమ్మాడు, నేను కొన్నాను. నేనేం మిల్లు పెట్టి ఆడించలేదుగా."

"అయితే ఒకసారి నోట్లో వేసుకోండి."

నేను సంచిలో చెయ్యి పెట్టలేదు. పెడితే ఆ చేతులతో ఇంటికి పోలేను. ఆంటీయే ఒక చెంచాతో తీసి ఆయన ముందు పట్టింది. ఆయన ఆ చెంచా వైపు చూశాడు. నా వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"రోజూ చేసేదేగా. దాన్ని రుచి చూసేదేవుంది," అన్నాడు.

ఆంటీ ఆయన మొహం కేసి చూస్తూనే ఉంది. ఎంతసేపటికీ ఆయన చెయ్యి రాకపోయేసరికి, చెంచా తన నోట్లో పెట్టుకుంది. నమలలేదు. నాలుక మీద ఉంచుకుని నిలబడింది. తర్వాత కుళాయి దగ్గరికెళ్లి ఉమ్మేసి, నోరు పుక్కిలించింది.

"మీకు తెలుసు," అంది ఆయన వైపు తిరక్కుండానే.

"నాకేం తెలుసు? చవగ్గా వచ్చింది, తెచ్చాను. అందరూ తెస్తున్నారు. దీనికి ఎవరు చచ్చిపోయారు?"

ఆ మాట అన్నాక ఆయనకే వినపడింది కాబోలు, నేల చూపులు చూశాడు.

"అంకుల్, జరిగింది తర్వాత చూద్దాం. ఇప్పుడే అందరికీ చెప్పండి. మన వాట్సాప్ గ్రూపులో పెట్టండి, షాపులకి ఫోన్ చెయ్యండి. సాయంత్రానికి ఇంకెవరైనా పిల్లలు తింటే?"

"రేపు చెబుతానమ్మా. ఒక్క రోజు. పండగ పోతే సరుకు అమ్ముడు కాదు, ఈ షెడ్డు ఉండదు. ఈ దేశంలో నాకు వేరే పని రాదు. నువ్వు చదువుకున్నదానివి, అర్థం చేసుకో."

నాకు అర్థమైంది. అదే నాకు భయం వేసింది. పొద్దున మా పాప ఊపిరి శబ్దం వింటూ కూర్చోకపోయి ఉంటే, ఆ గొంతుకి నేను జాలిపడి ఇంటికి వెళ్లిపోయేదాన్నేమో.

ఆంటీ బల్ల మీద ఉన్న ఆయన ఫోను తీసుకుంది. ఆయన అడ్డంగా వచ్చాడు. "నాకివ్వు," అన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. ఫోను గుండెకి ఆనించుకుని నా పక్కకి వచ్చి నిలబడింది. ఆ ముసలాయన ఒక అడుగు ముందుకు వేసి, నన్ను చూసి ఆగిపోయాడు. అప్పుడు ఆంటీ మీట నొక్కి, గ్రూపులో గొంతు రికార్డు చేసింది.

"అందరికీ నమస్కారమండి. మా దగ్గర కాజు కత్లీ తీసుకున్నవాళ్లు దయచేసి ఎవరూ తినకండి. అందులో వేరుశనగ కలిసింది. పిల్లలకి అస్సలు పెట్టకండి. షాపుల్లో ఉన్నవి కూడా మేమే వెనక్కి తీసుకుంటాం."

వెంటనే ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆవిడ ఒక్కొక్కరికే జవాబు చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

"అమ్మా, నిన్న పొద్దున ఇక్కడికొచ్చి ఒకమ్మాయి తీసుకెళ్లింది. నీలాగే అడిగింది, పల్లీ ఉందా అని. తనకే పడదట. ఆస్పత్రిలో నర్సు. లేదని నేనే చెప్పాను."

ఆ అమ్మాయి నంబరు ఉంది. చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాం. ఇల్లు దగ్గరే, లువాస్ ట్రాము స్టాపు వైపు ఏదో అపార్టుమెంటు అంది ఆంటీ. ఒకసారి డెలివరీకి వెళ్లిందట. ఇద్దరం నా కారెక్కాం. అంకుల్ గుమ్మంలోకి కూడా రాలేదు.

దారిలో ఆంటీ ఫోను మీద ఫోను చేస్తూనే ఉంది. ఒక సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అంది, "అడిగానమ్మా ఆయన్ని. ఇంత తక్కువకి ఎంచేత ఇస్తున్నాడని. నీకెందుకు అన్నారు. అంతటితో ఊరుకున్నాను." ఆవిడని ఓదార్చే ఓపిక ఆ పూట నాలో లేదు.

అపార్టుమెంటు కింద బెల్లు నొక్కితే పలకలేదు. ఎవరో కుక్కని తీసుకుని బయటికి వస్తుంటే ఆ తలుపులోంచి లోపలికి దూరాం. పైకెళ్లి తలుపు కొట్టాను. ఆంటీ కూడా కొట్టింది, అరచేత్తో, చెక్క అదిరేలా. లోపల ఏమీ చప్పుడు లేదు. పక్క ఫ్లాటు ఆమె తలుపు తీసి చూసింది. గార్డ్స్‌కి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫోన్ చెయ్యాలా అని అడిగింది. చెయ్యమన్నాను. ఆమె ఫోను చెవికి పెట్టుకుంటుండగా తలుపు తెరుచుకుంది.

జుట్టు చెదిరి, కళ్లు సగం మూసుకుని ఆ నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఫోను మోత ఆపుకుని పడుకుందట.

"కత్లీ తిన్నావా?" అంది ఆంటీ.

ఆ పిల్లకి అర్థం కాలేదు. నేను పక్కనుంచి వంటింట్లోకి వెళ్లిపోయాను. డబ్బా గట్టు మీద ఉంది. మూత తీసి ఉంది. వరసలో రెండు ముక్కల జాగా ఖాళీగా ఉంది.

"ఇవి ఎవరు తిన్నారు?"

"మా రూమ్మేట్, డ్యూటీకి పోతూ. నేను లేచాక టీతో తిందామని పెట్టుకున్నా. ఏమైంది? మీరెవరు?"

ఆంటీ అక్కడే, చెప్పుల గూడు పక్కన, నేల మీద కూలబడింది. రూమ్మేట్‌కి ఏ జబ్బూ లేదని, అన్నీ తింటుందని ఆ పిల్ల చెప్పిందాకా నేను డబ్బా మూత చేత్తో పట్టుకునే ఉన్నాను.

సోమవారం పొద్దున్నే అధికారులు షెడ్డుకి వెళ్లారు. మా ఇంటికి కూడా ఒకామె వచ్చి డబ్బా తీసుకెళ్లింది. పొడిలో సగానికి పైగా వేరుశనగేనని తేలింది. షాపుల్లోంచి సరుకంతా వెనక్కి రప్పించారు. సంచులు అమ్మిన ఇంగ్లండు హోల్‌సేలరు సంగతి అక్కడివాళ్లకి అప్పగించామన్నారు. తర్వాత ఏమైందో మాకెవరూ చెప్పలేదు. అంకుల్ మీద కేసు పెట్టారు. నన్ను వాంగ్మూలం అడిగితే ఇచ్చాను.

అప్పటినుంచి ఫోన్లు. "పాప బాగానే ఉందిగా, ఇంకా ఎందుకు కోర్టుదాకా," అన్నారు. "మన వాళ్లని మనమే పట్టిస్తే ఇక్కడివాళ్లు అందరినీ ఒకే గాటన కడతారు," అన్నారు. మా గృహప్రవేశానికి ఆయన తెచ్చిన లడ్డూలు గుర్తుచేసినవాళ్లూ ఉన్నారు. కొన్ని ఇళ్లవాళ్లు మమ్మల్ని పిలవడం మానేశారు.

మా పక్కింటావిడ ఇంగ్లండు మనిషి. ఇక్కడి ఆయన్ని చేసుకుని నేస్ వచ్చి, స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయింది. కేసు విచారణకి ముందు ఒక మధ్యాహ్నం వాళ్ల వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పాను. ఆవిడ తన దేశపు పాత సంతల సంగతి చెప్పుకొచ్చింది. రొట్టె తెల్లగా ఉండటానికి పిండిలో పటిక కలిపేవారట. పిల్లల మిఠాయిలకి రంగు రావడానికి సీసం వేసేవారట. కుళ్లిన మాంసం అమ్మినవాణ్ణి సంత నడిబొడ్డున కొయ్యకి బిగించి, ఆ మాంసాన్నే వాడి ముక్కు కింద తగలబెట్టేవారట. తూకం తగ్గించిన రొట్టెలవాడి మెడకి ఆ రొట్టె కట్టి, బల్ల మీద వీధుల్లో ఈడ్చేవారట.

"అలా చేస్తే మోసం ఆగిందా?" అని అడిగాను.

ఆవిడ టీ కలుపుతూ లేదని తలూపింది. కొన్న చోటు చూసి, రంగు చూసి, మనిషిని చూసి నమ్మడం తప్ప జనానికి వేరే దారి ఉండేది కాదని, ఆ నమ్మకాన్నే వాళ్లు అమ్ముకున్నారని చెప్పింది. ఇంటికి వస్తూ ఆ కొయ్య గురించే ఆలోచించాను. అందులో అంకుల్ మెడ ఊహించుకున్నాను. ఊహించగలిగినందుకు నాకు సిగ్గు వెయ్యలేదు, అదే నన్ను కలవరపెట్టింది.

కోర్టులో అంతా కాసేపట్లో అయిపోయింది. ఆయన తప్పు ఒప్పుకున్నాడు. జరిమానా వేశారు. ఇక మీద తిండి వ్యాపారం చెయ్యనని లాయరు చేత చెప్పించాడు. బయటికి వస్తూ నా ముందునుంచే నడిచి వెళ్లాడు, నా వైపు చూడలేదు. కోటు భుజాలు వదులైపోయి ఉన్నాయి. ఆంటీ నా దగ్గర ఆగి, "పిల్ల అన్నం తింటోందా?" అని అడిగింది.

తినడం లేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. ఆస్పత్రి నుంచి వచ్చాక పాప బయటి తిండి ముట్టలేదు, సరే. తర్వాత నేను వండిందీ మానేసింది. పెరుగన్నం, అరటిపండు, అంతే. నేను ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే, "డిడ్ యు చెక్?" అని అడిగేది. చెక్ చేశానంటే, "బట్ యు చెక్డ్ దట్ డే టూ," అనేది. ఆ మాటే ఆంటీకి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదిలేసి, ఆయన వెనకే వెళ్లిపోయింది.

డాక్టరు సలహాతో పాపని వంటలోకి దించాం. ఏది కొన్నా తనే చదువుతుంది. పప్పులు తనే పోస్తుంది. ప్రెస్‌లో, అదే వంటింటి అలమరలో, పై అర తనది, మేం చెయ్యి పెట్టకూడదు. మొన్న శనివారం కందిపప్పు తనే కడిగి, మావారు కుక్కరు దించాక తనే మెదిపి, తాలింపు మాత్రం నన్ను వెయ్యనిచ్చింది. ముగ్గురం కూర్చున్నాం. మావారూ నేనూ ప్లేటు కేసి చూస్తూ మాట్లాడుకుంటున్నట్టు నటిస్తున్నాం. తను అన్నంలో పప్పు కలుపుకుని, చాలాసేపు వేళ్లతో అటూఇటూ తిప్పి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగి, ఆగి, గొంతు తడిమి చూసుకుంది.

"ఉప్పు తక్కువైంది," అంది తెలుగులోనే. ఉప్పు డబ్బా తన వైపు జరిపాను.